రెండడుగుల గట్టు

(హనుమకొండలో ఒక కార్తీక సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. చలి మొదలైనా ఇంతమంది వచ్చారు, సంతోషం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, చాపలు ఖాళీగానే ఉన్నాయి.

ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం ఆత్మ, అహంకారం. ఈ రెండో మాట దగ్గరే మనం దారి తప్పుతాం. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన వాడుకలో అహంకారం అంటే పొగరు. పలకరిస్తే పలకనివాడికి, పెళ్లిలో ముందు వరసలో కుర్చీ వేయలేదని లేచి వెళ్లిపోయినవాడికి అహంకారం ఉందంటాం. వేదాంతంలో ఆ మాటకు అర్థం అది కాదు. అహం అంటే నేను. దేన్నో ఒకదాన్ని పట్టుకుని ‘ఇదే నేను’ అంటూ ఉంటుంది చూడండి లోపల, అది అహంకారం. అలా చూస్తే కుర్చీ కోసం అలిగినవాడికి ఎంత అహంకారం ఉందో, అదే పెళ్లిలో ఒక మూల గోడకానుకుని "నా బతుకెంత, నన్నెవరు పట్టించుకుంటారు" అని కుమిలేవాడికీ అంతే ఉంది. ఒకాయన నేను పెద్ద అంటున్నాడు, ఇంకొకాయన నేను చిన్న అంటున్నాడు. ఇద్దరూ కొలుచుకుంటున్నది ఆ ‘నేను’నే.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అహంకారం పోవాలంటే మనల్ని మనం తిట్టుకోవాలని చాలామంది అనుకుంటారు. "అణిగిమణిగి ఉండు, అహంకారం పనికిరాదు" అని ఇళ్లలో కోడళ్ల నోరు మూయించడానికి కూడా ఈ మాటను వాడుకున్నారు. ఒకరి ముందు ఇంకొకరు తలవంచుకుని బతకమని ఉపనిషత్తులు చెప్పలేదు. వాటి ప్రశ్న వేరు. నువ్వు ఎవరిని ‘నేను’ అంటున్నావు, అది నిజంగా నువ్వేనా అని అవి అడుగుతాయి.

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు. గట్టు పంచాయితీలో దొరికింది. ఆ సంగతి చెబుతాను.

మా బాపు ఉన్నప్పుడే నాకూ మా తమ్ముడికీ భూమి పంచాడు. మధ్యలో ఒక గట్టు. ఒక ఏడాది పెద్ద వానకు ఆ గట్టు కోసుకుపోయింది. మళ్లీ వేసేటప్పుడు తమ్ముడు నా వైపు రెండడుగులు జరిపాడని నేను, నేనే అటు దున్నుకున్నానని తమ్ముడు. కొలిపించాం. ఆ కొలత నాకు నచ్చలేదు. పెద్దమనుషుల్లో కూర్చున్నాం, తెగలేదు. ఆర్నెల్లు మాటల్లేవు. బాపు మంచం పట్టినప్పుడు కూడా తమ్ముడు పొద్దున వస్తే నేను సాయంత్రం వెళ్లేవాణ్ణి.

బాపు పోయాడు. అస్థికలు కాళేశ్వరంలో కలపాలి. ఇద్దరం ఒకే కారులో, వెనక సీట్లో, మధ్యలో మట్టి ముంత. మూతికి గుడ్డ కట్టి ఉంది. భూపాలపల్లి దాటాక ఒకచోట కారు గుంతలో పడింది. ముంత ఒరిగిపోతుందని ఇద్దరి చేతులూ ఒక్కసారే దాని మీద పడ్డాయి. తమ్ముడి వేళ్ల మీద నా వేళ్లు. ఇద్దరం చెయ్యి తీయలేదు, అలాగని మాట్లాడుకోనూ లేదు. అక్కడి నుంచి సంగమం దాకా అలాగే కూర్చున్నాం.

నీళ్లలో దిగాక అయ్యగారు "కర్త ఎవరండీ?" అని అడిగారు. పెద్దకొడుకును కదా, "నేనే" అన్నాను. ఆ మాట అన్నాక ఎందుకో నా గొంతు నాకే వేరేవాళ్ల గొంతులా వినిపించింది. ముంత వంచాను. బూడిద, నాలుగు ఎముక ముక్కలు. పొలంలో నిలబడి కేకేస్తే ఊరు చివరి దాకా వినపడే మనిషి దోసెడు కూడా లేడు. ఎదురుగా గోదావరి, ఇటు ప్రాణహిత. కలిసిన చోట ఏ నీరు ఏ నదిదో చూపించమంటే చెయ్యి ఎటు చాపాలో తెలియదు.

అంతా చూశాక నాకు వైరాగ్యం వచ్చిందని చెబితే అబద్ధం అవుతుంది. రాలేదు. ఆ నీళ్లలో నిలబడి కూడా ఆ రెండడుగులు ఛాతీలో గుచ్చుకుంటూనే ఉన్నాయి. కానీ ఒక ప్రశ్న మాత్రం వచ్చింది. గట్టు వంద కిలోమీటర్ల అవతల ఉంది. నొప్పి ఇక్కడ, నా ఛాతీలో ఎందుకుంది? గట్టును ఎవరైనా పారతో తవ్వితే మట్టికి నొప్పి లేదు. మరి ఆ పార నాకెలా తగిలింది?

తర్వాత శంకరాచార్యుల బ్రహ్మసూత్ర భాష్యం, అంటే వేదాంత సూత్రాలకు ఆయన రాసిన వివరణ, మళ్లీ తీశాను. అంతకుముందు చదివిందే, పాఠం చెప్పిందే. ఈసారి మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాను. ఆయన మొదటి సూత్రాన్ని ముట్టుకోకముందే అధ్యాస గురించి రాశారు. అధ్యాస అంటే ఒకదాని మీద ఇంకొకదాన్ని ఎక్కించి చూడటం. చీకట్లో మోటరు వేయడానికి బావి దగ్గరకు వెళ్లిన రైతు తాడును చూసి పామనుకుంటాడు, ఆ ఉదాహరణ మీ అందరికీ తెలిసిందే. నన్ను పట్టుకున్నది అది కాదు. అదే భాష్యంలో శంకరులు ఇంటి సంగతి చెబుతారు. కొడుక్కో భార్యకో బాగా లేకపోతే మనిషి ‘నాకే బాగా లేదు’ అనుకుంటాడు, వాళ్లు బాగుంటే ‘నేనే బాగున్నాను’ అనుకుంటాడు. లావుగా ఉన్నాను, సన్నగా ఉన్నాను, నిలబడ్డాను, నడుస్తున్నాను అంటూ ఒంటి లక్షణాలను తన మీద వేసుకుంటాడు. గుడ్డివాణ్ణి, చెవిటివాణ్ణి అని ఇంద్రియాల లక్షణాలను, కోరికలూ సందేహాలూ అని మనసు లక్షణాలను వేసుకుంటాడు. "అహమిదం, మమేదం" అన్నారాయన. ఇది నేను, ఇది నాది. లోకం నడక మొత్తం ఈ రెండు మాటల మీదే ఉంది, అది పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది అన్నారు.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజు ఈ ఊళ్లో ఏ వీధిలోనైనా తండ్రుల మొహాలు చూడండి. పరీక్ష రాసింది పిల్లాడు, టెన్షన్ తండ్రికి. మార్కులు తగ్గింది పిల్లాడికి, వారం రోజులు బయట తల ఎత్తలేనిది తండ్రి. ప్రేమ వల్ల అనుకుంటాం. ప్రేమ ఉంటే పిల్లాడి పక్కన కూర్చుంటాం కదా, నలుగురిలో నా పరువు పోయిందని వాణ్ణే ఎందుకు తిడతాం? ‘నేను’ అనేది వాడి మార్కుల మెమో దాకా పాకింది. నాది గట్టు దాకా పాకింది.

ఇక్కడ ఒక అపార్థం తీర్చాలి. శంకరులు చెప్పిన అద్వైతం, అంటే అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అనే సిద్ధాంతం, గట్టు లేదని చెప్పదు. గట్టు ఉంది, దానికి సర్వే నంబరు ఉంది. మాయ అంటే ఏమీ లేదని అర్థం కాదు. గట్టు మట్టి. దాని మీద ‘నేను’ అనే ప్రాణాన్ని తీసుకెళ్లి పెట్టిందెవరు? ఆ పెట్టడం ఉంది చూశారా, అది మిథ్య. చూస్తున్నంతసేపూ ఉన్నట్టే ఉంటుంది, విచారిస్తే నిలవదు.

కాళేశ్వరం సంగతి ఇంకా అయిపోలేదు. 2025 మేలో సరస్వతీ పుష్కరాలకు మీలో చాలామంది వెళ్లి ఉంటారు. గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడిది, అంటే యముడిది. రెండోది ముక్తేశ్వరుడిది. ముందు యముడికి మొక్కి, తర్వాత శివుడికి మొక్కడం ఆనవాయితీ. ధర్మపురిలో కూడా నరసింహస్వామి గుడి ఆవరణలో యమధర్మరాజుకు గుడి ఉంది. గోదావరి ఒడ్డున మనవాళ్లు యముణ్ణి చూసి పారిపోలేదు, గుడి కట్టి మొక్కారు. ఇది చూసినప్పుడల్లా నాకు కఠోపనిషత్తు గుర్తొస్తుంది. అందులో ఆత్మజ్ఞానం చెప్పే గురువు యముడే.

నచికేతుడి తండ్రి యాగం చేసి ఆవులను దానం ఇస్తున్నాడు. ఎలాంటి ఆవులు? తాగాల్సిన నీళ్లు తాగేసి, మేయాల్సిన గడ్డి మేసేసి, ఇక పాలివ్వలేని ముసలి ఆవులు. ఆ పసివాడికి ఇది తప్పనిపించింది. "నాన్నా, నన్నెవరికి ఇస్తావు?" అని మూడుసార్లు అడిగాడు. తండ్రికి కోపం వచ్చి "నిన్ను యముడికిస్తా పో" అన్నాడు. పిల్లాడు నిజంగానే వెళ్లాడు. యముడు ఇంట్లో లేకపోతే మూడు రాత్రులు అన్నం నీళ్లు లేకుండా గుమ్మం ముందు ఉన్నాడు. మూడు వరాలు దొరికాయి. మూడో వరంగా, మనిషి పోయాక ఉంటాడని కొందరు, లేడని కొందరు అంటారే, అసలు సంగతి చెప్పమన్నాడు. యముడు తప్పించుకోవాలని చూశాడు. నూరేళ్లు బతికే కొడుకులనూ మనవలనూ అడుగు, ఏనుగులూ బంగారమూ అడుగు, విశాలమైన భూమిని అడుగు అన్నాడు. భూమి! పిల్లాడు "అవన్నీ నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు.

ఆ మంత్రం నేను ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. కాళేశ్వరం నుంచి తిరిగొచ్చాక దాన్ని చదువుతుంటే నోరు పెగల్లేదు. యముడు స్వయంగా భూమి ఇస్తానంటే ఒక పసివాడు వద్దన్నాడు. నేను రెండడుగుల కోసం, బాపు కళ్ల ముందే, తమ్ముడితో మాట మానేశాను.

ఆ ఉపనిషత్తు చివర్లో యముడు ఒక పోలిక చెబుతాడు. ముంజగడ్డి లోంచి లోపలి ఈనెను లాగినట్టు, ఈ శరీరం లోంచి ఆత్మను విడదీసి తెలుసుకోవాలంటాడు. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని మనమందరం చేసిన పనే అది. గడ్డి పరకను మొదట్లో ఒక చేత్తో పట్టుకుని, లోపలి లేత పుల్లను రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగుతాం. కుదుపుతో లాగితే మధ్యలో పుటుక్కున తెగుతుంది. ఒడుపుగా లాగితే సన్నగా చప్పుడు చేస్తూ మొత్తం బయటికొస్తుంది, తెల్లగా, చివర తడిగా. పై పొరలకు దెబ్బ తగలదు. యముడు కూడా అక్కడ "ధైర్యేణ" అన్నాడు, తొందరపడకుండా, నిబ్బరంగా అని. ఒంటిని హింసించమనీ, పొరలను చింపమనీ చెప్పలేదు. ఏది పొర, ఏది ఈనె అని తెలిసిన వేళ్లతో విడదీయమన్నాడు. అహంకారాన్ని చంపాలి, నరకాలి అనే మాటలు మనం చాలా వింటాం. చంపడానికి బయలుదేరేది కూడా అహంకారమే. "నేను నా అహంకారాన్ని జయించాను" అన్న వాక్యంలో మొదటి మాట ఏమిటో చూడండి.

మరి ఆ ఈనె ఎక్కడుంది? ఎక్కడికో వెళ్లక్కర్లేదు, రోజూ రాత్రి మన అనుభవంలోకి వస్తూనే ఉంది. మాండూక్యోపనిషత్తులో పన్నెండే మంత్రాలు. మెలకువ, కల, గాఢనిద్ర, ఈ మూడింటినీ తెలిపే నాలుగోది అని అందులో విచారణ. గాఢనిద్రలో నాకు గట్టు లేదు, తమ్ముడు లేడు, పేరు లేదు, మగ ఆడ లేదు, కులం లేదు. పొద్దున లేచి ఏమంటాం? "ఒళ్లు తెలియకుండా పడుకున్నా, హాయిగా ఉంది." ఒళ్లు తెలియలేదు, కానీ హాయి తెలిసింది! ఎవరికి తెలిసింది? అసలేమీ లేదు కదా అంటారు కొందరు. ఒకతను ఇంట్లోకి వెళ్లి చూసొచ్చి "లోపల ఎవరూ లేరు" అంటాడు. ఎవరూ లేరని చూడటానికి అతనైతే లోపల ఉన్నాడు. నిద్రలో ఏమీ తెలియలేదని చెప్పేవాడు ఆ ఏమీ లేకపోవడాన్ని చూస్తూ ఉన్నాడు. ఆయన్నే సాక్షి అన్నారు. ఒంట్లో కూర్చుని చూస్తున్న ఇంకో చిన్న మనిషి కాదు సాక్షి అంటే. తెలియడమే ఆయన స్వరూపం.

అలాంటప్పుడు ఈ ‘నేను, నేను’ అనేది ఎక్కడి నుంచి వచ్చింది? విద్యారణ్యులు పంచదశి అనే వేదాంత గ్రంథంలో దీన్ని చిదాభాస అన్నారు. అంటే చైతన్యం నీడ, మనసనే నీళ్లలో పడిన ప్రతిబింబం. మన కాకతీయుల నేలలో దీనికి వేరే ఉదాహరణ వెతకక్కర్లేదు. పాకాలలో ఒక సూర్యుడు, రామప్ప చెరువులో ఒక సూర్యుడు, లక్నవరంలో ఒకడు, భద్రకాళి చెరువులో ఒకడు. గాలి వీస్తే ఒకడు వణుకుతాడు, పాకురు పడితే ఒకడు మసకబారతాడు. ఈ చెరువు సూర్యుడు ఆ చెరువు సూర్యుడితో నేను పెద్దంటే నేను పెద్దని గొడవపడితే ఎలా ఉంటుంది?

పూడిక తీయడానికి 2024 చివర్లో భద్రకాళి చెరువును ఖాళీ చేశారు. ఆ రోజుల్లో ఒక పొద్దున కట్ట మీద నడుస్తున్నాను. ఎప్పుడూ ఎర్రగా మెరిసే చోట బురద, పగుళ్లిచ్చిన నేల. పొద్దు పొడిచింది. చెరువులో సూర్యుడు ఎక్కడా లేడు. కానీ వీపు మీద ఎండ పడుతూనే ఉంది. అక్కడే నిలబడిపోయాను. బాపు గుర్తొచ్చాడు. ముంత వంచినప్పుడు పోయింది ఏమిటి, పోనిది ఏమిటి అని ఆ ఎండలో చాలాసేపు ఆలోచించాను.

ఇంకొక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. నా చిన్నప్పుడు మా ఊళ్లో చేదబావి దగ్గర కొంతమంది ఆడవాళ్లు కుండలు దూరంగా పెట్టుకుని నిలబడేవారు, ఎవరైనా చేది పోస్తారేమోనని. అదే ఊళ్లో శ్రావణమాసంలో వేదాంత ప్రవచనాలు జరిగేవి. అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అని విని, ఇంటికి పోయే దారిలో ఆ కుండలను దాటుకుంటూ వెళ్లేవారు. శంకరులు ఆ అధ్యాస భాష్యంలోనే స్పష్టంగా రాశారు. ఫలానా వర్ణంవాడు యాగం చేయాలి లాంటి విధులన్నీ వర్ణం, ఆశ్రమం, వయసు లాంటి వాటిని ఆత్మ మీద ఆరోపించుకున్నాకే నడుస్తాయని. అంటే కులం అధ్యాస. కాశీలో చండాలుడు దారికి అడ్డొస్తే జరగమన్నారని, అప్పుడా చండాలుడు "జరగాల్సింది ఏది? అన్నంతో పుట్టిన ఈ ఒళ్లా, చైతన్యమా?" అని అడిగాడని, ఆయనను శంకరులు గురువుగా భావించి మొక్కారని మన సంప్రదాయమే చెబుతోంది. ఆ ప్రశ్న మన బావుల దగ్గర ఎవరూ అడగలేదు. లేదా అడిగితే మనం వినలేదు. అద్వైతం మండపంలో ఉండి, బావి దగ్గర లేకపోతే, మనం చదివింది నోటికి మాత్రమే వచ్చింది.

అలాగే ఎనుమాముల మార్కెట్లో పత్తికి ధర రాక బస్తాల మీద తల పట్టుకుని కూర్చున్న రైతుకు "అంతా మాయే" అని చెప్పడం వేదాంతం కాదు. మాయ అనే మాట నా నొప్పి మీద నేను ప్రయోగించుకోవలసింది. ఎదుటివాడి నొప్పి దగ్గర పనికొచ్చేది చెయ్యి.

ఏం చేయాలి మరి? 1907లో మన తెలుగువాడైన కావ్యకంఠ గణపతి ముని అరుణాచలంలో రమణ మహర్షి దగ్గరకు వెళ్లారు. అప్పటికే ఆయన గొప్ప పండితుడు, ఎన్నో మంత్రాలు జపించారు. అయినా తపస్సు అంటే ఏమిటో తెలియలేదని అడిగారు. మహర్షి చెప్పిన సమాధానం చాలా చిన్నది. ‘నేను, నేను’ అనేది ఎక్కడి నుంచి లేస్తోందో గమనిస్తే మనసు అక్కడే అణుగుతుంది, అదే తపస్సు అన్నారు. కోపం వచ్చినప్పుడు, నాకు తెలిసి, ఇది ఎవరైనా చేయగలిగిందే. కోపం ఎవరి మీద అని కాకుండా, ఈ కోపం వచ్చింది ఎవరికి అని ఒక్కసారి లోపలికి తిరగడం. ఆ ‘నేనెవరు’ అన్న విచారణను మహర్షి చితిలో కట్టెలను ఎగదోసే కర్రతో పోల్చారు. అన్నిటినీ కాల్చాక ఆ కర్రా అందులోనే కాలిపోతుంది. బాపు చితి దగ్గర తమ్ముడు పట్టుకున్నది అలాంటి వెదురు కర్రే. చివర్లో దాన్నీ మంటలో వేశాడు.

కర్త ఎవరు అని అయ్యగారు అడిగినప్పుడు నేనే అన్నాను కదా. ఆ కర్మకు నేనే కర్తను, అది చేయాల్సిందే, చేశాను. కానీ బతుకంతా అదే జవాబు చెబుతూ వచ్చాను. పొలం పండితే నేనే, పిల్లలు చదివితే నేనే, చెడితే మాత్రం తమ్ముడో కాలమో. ఇప్పుడు ఆ మాట నోటి దాకా వచ్చినప్పుడల్లా సంగమం నీళ్లు నడుము దగ్గర తగులుతున్నట్టు ఉంటుంది.

చాలాసేపు మాట్లాడాను. ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే అడగండి. ఆ వెనక ఉన్న అమ్మకు మైకు ఇవ్వండి.

(సభలోంచి ఒక మహిళ: "సార్, మరి గట్టు ఏమైంది?")

గట్టు అక్కడే ఉందమ్మా. కొలత ప్రకారం ఎక్కడుండాలో అక్కడే ఉంది, మేమిద్దరం మళ్లీ దాన్ని జరపలేదు. కాళేశ్వరం నుంచి వచ్చేటప్పుడు దారిలో చాయ్ తాగడానికి ఆగాం. తమ్ముడు "అన్నా, చక్కెర తక్కువెయ్యమనాల్నా నీకు?" అని అడిగాడు. ఆర్నెల్ల తర్వాత అదే మొదటి మాట. నిరుడు ఆ గట్టు మీద తను కంది పెట్టాడు. కాయ వచ్చాక ఒక సంచి నిండా మా ఇంటికి పంపించాడు. సంచి మూతి విప్పగానే "నా గట్టు మీది కందే కదా" అని లోపల ఒక మాట లేచింది. ఇన్నేళ్లు చదివి, ఇంత చూశాక కూడా లేచిందమ్మా. లేవడం కనిపించింది. ఎక్కడి నుంచి లేచిందో చూద్దామని ఒక్క క్షణం ఆగాను. ఇంతలో మా మనవరాలు వచ్చి సంచిలో చెయ్యి పెట్టింది. ఉప్పేసి ఉడకబెట్టుకుని అందరం తిన్నాం.